బర్డ్ ఆఫ్ పారడైజ్ పువ్వు: ఎవరి బొమ్మలో అది పని చేస్తోంది?

అందరికీ నమస్కారం అండీ. ఈసారి రివ్యూ ఒక పువ్వు మీద, దాన్ని వేసిన చిత్రకారుల మీద. బర్డ్ ఆఫ్ పారడైజ్. శాస్త్రీయంగా స్ట్రెలిట్జియా రెజినే. నారింజ, నీలం రంగులతో తల ఎత్తి చూసే పక్షిలా ఉంటుంది, పెద్ద బొకేల్లో చూసే ఉంటారు. రెండు వందల ఏళ్లకు పైగా దీన్ని ఎందరో మహా చిత్రకారులు వేశారు. వాళ్లలో ఎవరు బాగా వేశారో చూద్దాం. అందంగా వేయడం వాళ్లందరికీ వచ్చు. నేను మార్కులు వేసేది ఒక్కదానికే: బొమ్మ చూస్తే ఆ పువ్వు ఎలా పని చేస్తుందో మనకు తెలియాలి.

అందుకని ముందు పువ్వు గురించి కాస్త ఓపిగ్గా వినండి.

దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికా తూర్పు తీరం. ఈస్టర్న్ కేప్, క్వాజులు-నటాల్ ప్రాంతాల్లో నదుల ఒడ్డున, పొదల మధ్య పెరుగుతుంది. అరటికీ అల్లానికీ దూరపు చుట్టం, ఆకు చూస్తే అరటి పోలిక వెంటనే తెలుస్తుంది. కాడ చివర అడ్డంగా తిరిగి, దోనెలాంటి ఒక గట్టి పత్రం ఉంటుంది. మనం పక్షి ముక్కు అనుకునేది అదే. పువ్వులు ఆ దోనెలోంచి ఒకదాని తర్వాత ఒకటి పైకి లేస్తాయి. అంటే ఒక్కో తలలో మనం చూసేది ఒక పువ్వు కాదు, వరసగా వచ్చే కొన్ని పువ్వులు.

ఒక్కో పువ్వులో నారింజ రంగువి మూడు. అవి రక్షక పత్రాలు. నీలం రంగువి ఆకర్షణ పత్రాలు, అవీ మూడే. వాటిలో ఒకటి చాలా చిన్నది, కింద మకరందం మీద మూతలా ఉంటుంది. మిగతా రెండూ అంచులు కలుపుకుని ఒక బాణం ఆకారం అవుతాయి. ఈ నీలం బాణం లోపల ఐదు కేసరాలు, వాటి పుప్పొడి దాగి ఉంటాయి. పుప్పొడిని అందుకునే కీలాగ్రం మాత్రం బాణం కొన దాటి బయటికి పొడుచుకుని వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మకరందం కోసం పక్షి వచ్చిందనుకోండి, కూర్చోవడానికి దానికి దొరికే చోటు ఆ నీలం బాణమే. పక్షి బరువుకి బాణం కిందికి వంగుతుంది. వంగగానే దాని రెండు అంచులూ పక్కలకి విచ్చుకుంటాయి, లోపలి పుప్పొడి బయటపడి పక్షి కాళ్లకి అంటుకుంటుంది. పుప్పొడి రేణువులు సన్నని దారాలతో చిక్కుకుని ఉంటాయి కాబట్టి ఒకసారి అంటితే అంత తేలిగ్గా రాలవు. పక్షి ఎగిరిపోతే బాణం మళ్లీ మూసుకుంటుంది. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు, బయటికి పొడుచుకుని ఉన్న కీలాగ్రానికి ఈ పుప్పొడి తగులుతుంది. ఈస్టర్న్ కేప్‌లో ఈ పని బాగా చేసేది గిజిగాడి జాతి పక్షి, కేప్ వీవర్. తేనెపిట్టలు కూడా వస్తాయి గానీ, బాణం మీద వాలకుండానే మకరందం తాగేసి వెళ్లిపోతుంటాయి. పువ్వు దృష్టిలో అవి దొంగలే!

ఇదంతా తలలో పెట్టుకుని బొమ్మల దగ్గరికి రండి.

ఈ మొక్క 1773లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ చొరవతో లండన్ దగ్గరి క్యూ తోటకు చేరింది. మూడో జార్జ్ రాజు భార్య షార్లెట్ రాణి పుట్టిల్లు జర్మనీలోని మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్. ఆమె గౌరవార్థమే స్ట్రెలిట్జియా అనే పేరు. క్యూలో మొక్క ఉండేది వేడి గాజు ఇంట్లో. అక్కడికి గిజిగాడు రాదు. నాకు చాలా ముఖ్యంగా తోచే విషయం ఇదే. యూరప్‌లో మొదటి తరం చిత్రకారులు గీసింది ఏ పక్షీ ఎప్పుడూ వాలని పువ్వును. ఆ బాణం తెరుచుకోవడం వాళ్ల కళ్ల ముందు జరగలేదు. కాబట్టి వాళ్ల బొమ్మల్లో అది మూసుకునే ఉంటుంది.

1787లో మొదలైన కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ కొన్నేళ్లకే ఈ పువ్వు బొమ్మ వేసింది. మామూలు పేజీ సైజు చాలక, మడత విప్పి చూసే పెద్ద బొమ్మగా ఇచ్చారు. ఆ గౌరవం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. బొమ్మ నిజాయితీగా ఉంటుంది, అంతకు మించి ఏమీ చెప్పదు.

రాబర్ట్ థార్న్‌టన్ తెచ్చిన 'టెంపుల్ ఆఫ్ ఫ్లోరా' పుస్తకం వేరే దారి. 1799 నుంచి 1807 వరకు భాగాలుగా వచ్చింది. పువ్వు వెనక ప్రకృతి దృశ్యం పెట్టి నాటకీయంగా చూపించడం అందులో పద్ధతి. చూడగానే ఆకట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ నాటకంలో పువ్వు నిర్మాణం మీద చూపు నిలవదు. నా వరకు ఇది గోడకి బాగుంటుంది, నేర్చుకోవడానికి పనికిరాదు.

ఫ్రాన్స్‌లో రెడూటే వేసిన 'లే లిలియాసే' పుస్తకంలోనూ ఈ పువ్వు ఉంది. 1802 నుంచి 1816 వరకు 8 సంపుటాలు, 486 బొమ్మలు. రెడూటే చేతి మెత్తదనం గులాబీలకి అద్భుతంగా సరిపోతుంది. ఇది గట్టి గీతలున్న పువ్వు, ఆ మెత్తదనం దీనికి కొంచెం ఎక్కువైంది అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోతే కామెంట్లలో చెప్పండి, వాదించుకుందాం.

ఇక ఫ్రాంజ్ బావర్. ఈయన దగ్గర నేను ఆగిపోతాను. 1758లో పుట్టిన ఆస్ట్రియా చిత్రకారుడు. బ్యాంక్స్ పిలుపు మీద 1790లో క్యూకి వచ్చి, 1840లో చనిపోయేదాకా అక్కడే పని చేశాడు. తమ్ముడు ఫెర్డినాండ్ ఓడెక్కి ఆస్ట్రేలియా తీరమంతా తిరిగి బొమ్మలు వేస్తే, ఈయన ఒకే తోటలో కూర్చుని మైక్రోస్కోప్ కింద పువ్వుల లోపలికి వెళ్లాడు. షార్లెట్ రాణికి బొమ్మలు నేర్పింది కూడా ఈయనే. 1818లో 'స్ట్రెలిట్జియా డెపిక్టా' అని అచ్చంగా ఈ స్ట్రెలిట్జియా మొక్కల మీదే బొమ్మల సంపుటి తెచ్చాడు. అప్పటికి ఇంకా కొత్తదైన లితోగ్రఫీలో, అంటే రాతి పలక మీద గీసి అచ్చు తీసే పద్ధతిలో అచ్చేసి, చేత్తో రంగులు వేసినవి అవి. రాణి చనిపోయింది కూడా ఆ ఏడాదే.

బావర్ బొమ్మలో నాకు నచ్చేది బరువు. దోనె పత్రం గట్టిదనం, నారింజ పత్రాల మడత, నీలం బాణం అంచులు, అన్నీ వేరువేరు పదార్థాల్లా కనిపిస్తాయి. ఏది వంగుతుంది, ఏది వంగదు అన్నది కళ్లతోనే తెలుస్తుంది. పక్షిని చూడకుండానే, పక్షి ఎక్కడ కూర్చోవాలో చెప్పే బొమ్మ అది. నా మొదటి స్థానం ఈయనకే, సందేహం లేదు.

రెండో స్థానం మాత్రం కాస్త విచిత్రంగా అనిపించవచ్చు. మరియాన్ నార్త్. ఒంటరిగా దేశదేశాలు తిరిగి తైలవర్ణాల్లో మొక్కల్ని వేసిన ఆవిడ. క్యూలో ఆవిడ గ్యాలరీ 1882లో తెరిచారు, అదే ఏడాది ఆవిడ దక్షిణాఫ్రికా బయల్దేరింది. అక్కడ వేసిన స్ట్రెలిట్జియా బొమ్మలో పువ్వు పక్కన పక్షులున్నాయి. వివరంలో బావర్‌కి సాటి రాదు, కుంచె కూడా గరుకే. అయినా పువ్వు దాని సొంత నేల మీద, దాని అతిథులతో కలిసి కనిపిస్తుంది. గాజు ఇంటి బొమ్మల్లో ఏం తగ్గిందో ఇది చూశాకే నాకు అర్థమైంది.

చిత్రకారులు పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది: గింజలు. నల్ల గింజ మీద మండే నారింజ రంగు కుచ్చు ఉంటుంది. ఆ రంగుకి కారణం బిలిరుబిన్. అవును, పచ్చకామెర్లు వస్తే రక్తపరీక్షలో చూసే అదే బిలిరుబిన్. జంతువుల్లోనే ఉంటుందనుకున్న ఆ పదార్థం మొదట దీని దగ్గరి బంధువు స్ట్రెలిట్జియా నికోలాయ్‌లో, తర్వాత ఇందులో దొరికింది. ఈ గింజని బావర్ స్థాయిలో ఈ రోజుల్లో ఎవరైనా వేస్తే చూడాలని నాకు ఎంతో కోరిక.

బాణం కదలికని చివరికి బాగా పట్టుకున్నది ఇంజినీర్లు. జర్మనీలో స్టుట్‌గార్ట్, ఫ్రైబర్గ్ యూనివర్సిటీల వాళ్లు ఈ పువ్వుని చూసి, కీలు లేకుండా వంగి తెరుచుకునే నీడ పలకని తయారు చేశారు. దాని పేరు ఫ్లెక్టోఫిన్. కీలు లేదు కాబట్టి అరిగిపోయే భాగమూ లేదు.

మీలో ఈ పువ్వుని గీసేవాళ్లుంటే ఒక్క సలహా. పెన్సిల్ పట్టే ముందు నీలం బాణం మధ్యలో వేలితో నెమ్మదిగా కిందికి నొక్కండి. అంచులు ఎటు విచ్చుకుంటున్నాయో, ఎక్కడ మందంగా ఉందో చూడండి. నొక్కినప్పుడు ఒకటి, వదిలాక ఒకటి, పక్కపక్కనే రెండు బొమ్మలు వేయండి. వేసినవాళ్లు నాకు పంపండి, వచ్చే వీడియోలో వాటినే చూద్దాం.