రంగం వెళ్లినవాళ్లు, ఊడ్పులకు వచ్చినవాళ్లు

అందరికీ నమస్కారం. బయటివాళ్లు వస్తే దేశం బాగుపడుతుందా, చితికిపోతుందా అని అమెరికాలోనూ యూరప్‌లోనూ ఎన్నికలప్పుడల్లా కొట్టుకుంటున్నారు. గోదావరి డెల్టాలో పుట్టిన మనకు అది టీవీలో చూసే చర్చ కాదు. మనం మనుషుల్ని పంపినవాళ్లం. ఇప్పుడు రప్పించుకుంటున్నవాళ్లం కూడా.

ముందు రంగం సంగతి చెబుతాను. బర్మాలోని రంగూన్‌ను మనవాళ్లు అలా పిలిచేవారు. మా తాత అక్కడి బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారినా, సెంటు భూమి లేనివాళ్లకు ఏడాదంతా పని ఎక్కడిది? కాకినాడ వైపు రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. మన కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. ఆ పిలుపులో చులకన ఉండేది. ఐరావతి డెల్టాలో బర్మా రైతులు అడవి కొట్టి వరి పండిస్తే, ఆ ధాన్యం ఆడించే మిల్లుల్లోనూ, బస్తాలు ఓడకెక్కించే రేవులోనూ చెమటోడ్చినవాళ్లలో మన వాళ్లు చాలామంది. బర్మా ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశమైంది. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. వలస కూలీలు లేకపోతే ఆ ఎగుమతి అంత వేగంగా పెరిగేది కాదు.

మరి ఆ డబ్బు ఎవరికి చేరింది? ఓడ ఖర్చుకు అడ్వాన్సు ఇచ్చి కూలీలను పనికి కుదిర్చిన మేస్త్రీ, కూలి చేతికి రాకముందే తన వాటా పట్టుకునేవాడు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టుకున్నాయి. సమ్మె తేలి మన వాళ్లు తిరిగి రాగానే ఆ బర్మా వాళ్లను పొమ్మన్నాయి. అక్కడ రాజుకుంది. బర్మా వాళ్లకూ మన వాళ్లకూ మధ్య జరిగిన దాడుల్లో వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది భారతీయులే. బయటివాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి గొడవ జరిగిందని ఎవరైనా తేల్చేస్తే నాకు కడుపు మండుతుంది. ఇద్దరు పేదవాళ్ల ముందు ఒకే పని పెట్టి, ఒకరిని చూపించి ఇంకొకరిని అణిచారు. తప్పు అక్కడుంది.

వచ్చినవాళ్లు ఉన్నవాళ్ల జీతాలు పడగొడతారన్నది ఇంకో భయం. 1980లో క్యూబా నుంచి సుమారు 1,25,000 మంది పడవల్లో అమెరికా చేరారు. మయామీ నగరంలో పనిచేసేవాళ్ల సంఖ్య కొద్ది నెలల్లోనే దాదాపు 7 శాతం పెరిగింది. స్థానికుల జీతాల మీద, ఉద్యోగాల మీద పెద్ద దెబ్బేమీ కనిపించలేదని ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ లెక్క తేల్చారు. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే నగరం లెక్కలు మళ్లీ తీసి, హైస్కూలు చదువు కూడా పూర్తి చేయనివాళ్ల జీతాలు బాగా పడ్డాయని ఇంకో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ అన్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు. నేను మాత్రం కార్డ్ వైపే మొగ్గుతాను, మన చేలు చూసి.

ఇప్పుడు ఊడ్పులకు పశ్చిమ బెంగాల్ నుంచి కూలీల ముఠాలు వస్తున్నాయి. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని ఊడ్చేస్తున్నారు. వాళ్లు రాక ఊడ్పు ఆలస్యమైతే సార్వా (ఖరీఫ్) కోత తుపాన్ల రోజుల్లో పడుతుంది, దాళ్వా (రబీ) వెనకబడుతుంది. అప్పుడు దెబ్బ తినేది రైతు ఒక్కడే కాదు, కోత మిషను డ్రైవరూ, మిల్లు దగ్గర హమాలీ కూడా. ఇక్కడున్నన్నాళ్లూ ఆ ముఠాలు బియ్యం, చేపలు, సెల్ రీఛార్జీ మన కొట్లలోనే కొంటారు. ఒకరు తింటే ఇంకొకరికి తరిగిపోవడానికి పని అనేది కుండలో అన్నం కాదు. అలాగని, మన ఊళ్లో ఊడ్పుకెళ్లే ఆడవాళ్లకు కూలి బేరంలో పట్టు తగ్గిన మాట దాచను. వాళ్ల బాధ నిజం.

మన ఆడవాళ్లలో చాలామంది రాజోలు, నరసాపురం వైపు నుంచి కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లారు. కువైట్ జనాభాలో మూడింట రెండొంతులు బయటి దేశాలవాళ్లే. వీళ్లు లేకపోతే అక్కడ పిల్లల్ని, ముసలివాళ్లను చూసేదెవరు? 2022లో మన దేశానికి విదేశాల నుంచి ఇళ్లకు పంపిన డబ్బు సుమారు 11,100 కోట్ల డాలర్లు. కానీ అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కఫీల్ అనే యజమాని చేతిలో ఉన్నంతకాలం జీతం అడగాలన్నా టెన్షనే. యుఏఈలో 2011లో ఒక నిబంధన మార్చారు. కాంట్రాక్టు ముగిసిన కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండానే వేరే చోట చేరవచ్చన్నారు. ఆర్థికవేత్తలు తర్వాత లెక్క చూస్తే, అలాంటివాళ్ల సంపాదన 10 శాతానికి పైగా పెరిగింది. వాళ్లకు కొత్త నైపుణ్యం ఏదీ రాలేదు. మానేసి వెళ్లగలిగే హక్కు వచ్చింది, అంతే. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు మాత్రం ఆ మార్పు వర్తించలేదు.

అందుకే ఇక్కడున్న రైతులను ఒకటి అడుగుతున్నాను. ఈసారి ఊడ్పులకు ముఠా మొత్తం కూలిని మేస్త్రీ చేతిలో పోయకండి. ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో వేయండి. వాళ్ల రేషన్ కార్డు మీద ఇక్కడి డిపోలోనూ బియ్యం తీసుకోవచ్చు. ఆ సంగతి చాలామందికి తెలియదు, మీరు చెప్పండి. స్థానికులకూ, వచ్చినవాళ్లకూ ఒకే రేటు ఇవ్వండి. మా ఇంటి పొలంలో వచ్చే దాళ్వాకు ఇలాగే చేస్తున్నాం. రంగంలో మా తాత కూలి మాత్రం చివరిదాకా మేస్త్రీ చేతి మీదుగానే వచ్చింది. ఇక మీరు ప్రశ్నలు అడగండి.