అద్దం గీత ఎక్కడుంటే గళ్లు అక్కడి నుంచే లెక్కపెట్టాలి

[దృశ్యం: నెల్లూరు, పెన్న ఒడ్డు. నిలకడ నీళ్లలో రంగనాయకుల గుడి గాలిగోపురం]

గోపురం నీళ్లలో తలకిందులుగా కనపడటం అందరికీ తెలిసిందే. ఈసారి గట్టును కూడా చూడండి. గట్టు నీటికి ఎంత ఎత్తున ఉందో, ప్రతిబింబంలో అంతే లోతున ఉంటుంది. కలశం ఇంకా ఎత్తున ఉంది కాబట్టి ఇంకా లోతుకు పోతుంది. అన్ని కొలతలూ నీటిగీత నుంచే. నిరూపక తలంలో పరావర్తనం అంటే ఇంతే, నీటిగీత బదులు మనం ఒక సరళరేఖ గీస్తాం, అదే అద్దం గీత.

[తెరపై: గ్రాఫు కాగితం. ఏ (1, 2), బీ (4, 2), సీ (4, 6) శీర్షాలుగా త్రిభుజం]

రెండు అక్షాలకూ స్కేలు 1 సెం.మీ. = 1 యూనిట్ తీసుకోండి. ఒకదానికి 1, ఇంకోదానికి 2 పెట్టారనుకోండి, కాసేపట్లో వచ్చే ఏటవాలు గీతల దగ్గర బొమ్మ వంకరపోతుంది. ఎందుకో అక్కడే చూద్దాం.

మన త్రిభుజం భుజాలు 3, 4, 5. కావాలనే ఎంచుకున్నాం, చివర్లో సరిచూసుకోవడం తేలిక.

ఎక్స్ అక్షం మీద పరావర్తనం: వై గుర్తు మారుతుంది. ప్రతిబింబంలోని బిందువులను డ్యాష్ పెట్టి పిలుద్దాం: ఏ డ్యాష్ (1, −2), బీ డ్యాష్ (4, −2), సీ డ్యాష్ (4, −6). వై అక్షమైతే ఎక్స్ గుర్తు మారుతుంది. ఇక్కడ తప్పులు తక్కువే, ముందుకు పోదాం.

[తెరపై: ఎక్స్ = 3 గీత, ఎరుపు రంగులో]

అసలు తంటా ఇక్కడ మొదలవుతుంది. ఎక్స్ = 3 అనగానే చాలామంది అడ్డంగా గీస్తారు, పేరులో ఎక్స్ ఉంది కదా అని. కాదు. ఎక్స్ విలువ 3గా ఉన్న బిందువులన్నీ కలిపితే నిలువు గీత వస్తుంది.

ఇప్పుడు ఏ నుంచి గీత దాకా గళ్లు లెక్కపెట్టండి. రెండు. గీత దాటి అవతలికి ఇంకో రెండు. ఏ డ్యాష్ (5, 2). బీ గీతకు కుడిపక్క ఒక గడి దూరంలో ఉంది, కాబట్టి ఎడమకు పోతుంది: (2, 2). సీ కూడా అంతే: (2, 6). గీత బొమ్మ మధ్యగా పోయింది కాబట్టి రెండు త్రిభుజాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కంగారుపడి రబ్బరు తీసుకోవద్దు, అట్టా పడటమే సరైంది.

ఏ డ్యాష్‌ను (−1, 2) అని రాశారా? అయితే మీరు వై అక్షం నుంచి లెక్కపెట్టారు. సూత్రం కావాలంటే, గీత ఎక్స్ = 3 అయినప్పుడు కొత్త ఎక్స్ విలువ 6 − ఎక్స్. ఆ 6 మూడుకు రెట్టింపు, ఎందుకంటే పాత బిందువుకూ కొత్త బిందువుకూ మధ్య బిందువు గీత మీదే ఉండాలి.

[తెరపై: వై = ఎక్స్ గీత. కెమెరా ఒక్క గడి మీదకు దగ్గరగా]

ఏటవాలు గీతకు గళ్లు అడ్డంగానో నిలువుగానో లెక్కపెట్టకూడదు, గీతకు లంబంగా పోవాలి. రెండు అక్షాల స్కేలూ ఒకటే అయితే ఈ గీత 45 డిగ్రీల్లో ఉంటుంది, దానికి లంబం గడిలో ఐమూలగా పోతుంది. స్కేళ్లు వేరైతే ఆ 45 ఉండదు, కాగితం మీద లంబం ఐమూలగా రాదు.

సీ (4, 6) నుంచి ఐమూలగా ఒక గడి కిందికి దిగితే (5, 5), అంటే గీత మీద ఉన్నాం. అదే దారిన ఇంకో గడి దిగితే (6, 4). బీ (4, 2) నుంచి పైకి ఎక్కితే (3, 3), ఆపైన (2, 4). ఏ అయితే గడికి ఈ మూలన ఉంది, ప్రతిబింబం ఎదురు మూలన: (2, 1). నిరూపకాలు తారుమారయ్యాయి, గమనించారా?

ఇక్కడే ఇంకో ఉచ్చు. గీత వై = ఎక్స్ + 1 అయినా కొందరు తారుమారే చేస్తారు. ఏ (1, 2) ఈ గీత మీదే ఉంది, ఉన్న చోటనే ఉండాలి. (2, 1)కి పంపామంటే తప్పు చేసినట్టే. సరైన లెక్క: పాత వై నుంచి 1 తీస్తే కొత్త ఎక్స్, పాత ఎక్స్‌కు 1 కలిపితే కొత్త వై. బీ డ్యాష్ (1, 5), సీ డ్యాష్ (5, 5). భుజాలు మళ్లీ 3, 4, 5.

[తెరపై: ఏ నుంచి బీ, బీ నుంచి సీకి బాణం గుర్తులు]

భుజాలు సరిపోయినంత మాత్రాన పరావర్తనం అయినట్టు కాదు. బొమ్మను పక్కకు జరిపినా, తిప్పినా భుజాలు మారవు. దిక్కు చూడండి. అసలు త్రిభుజంలో ఏ, బీ, సీ వరసగా పోతే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాం. ప్రతిబింబంలో ముల్లు దారిలో తిరగాలి. అంబులెన్సు ముందు అక్షరాలు తిరగేసి రాసేదీ ఇందుకే, ముందున్న బండి అద్దంలో అవి మళ్లీ తిరగబడి సరిగ్గా కనపడతాయి.

[దృశ్యం: చేతులు, గ్రాఫు కాగితం, గుండుసూది]

ఇంకా అనుమానమా? కాగితాన్ని అద్దం గీత వెంబడి మడవండి. ఏ, బీ, సీల దగ్గర గుండుసూదితో గుచ్చండి. విప్పి చూస్తే అవతలి చిల్లులు మీరు పెట్టిన చుక్కల మీదే పడాలి. ఒకటి మాత్రం పక్కకు పడితే ఆ ఒక్క శీర్షం లెక్కే మళ్లీ చూడండి. మూడూ పక్కకు పడితే ముందు మడతను చూడండి, గీత వెంబడే పడిందో లేదో.