ఫోనుకు తాళం వేశాం, సిమ్‌కు వేశామా?

[దృశ్యం: నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు, వెనుక బారాషహీద్ దర్గా]

వ్యాఖ్యానం: నమస్కారం. మొహర్రం మాసంలో రొట్టెల పండుగకు వచ్చినవారు ఈ చెరువు నీళ్లలో నిలబడి రొట్టె అందుకునేటప్పుడు రెండు చేతులూ ఆ రొట్టె కోసమే చాచి ఉంటాయి. ఫోను మాత్రం రొండిన దోపుకొనో, చొక్కా జేబులోనో, పక్కన నిలబడ్డవారి సంచిలోనో ఉంటుంది. మా పిన్నమ్మ ఫోను ఇక్కడే పోయింది. ఆ ఫోను కవరు అరలో ఏటీఎం కార్డు, మడిచిపెట్టిన ఆధార్ జిరాక్సు కూడా ఉన్నాయి. తెరకు తాళం ఉంది కదా అన్న ధైర్యంతో మేము సాయంత్రం దాకా ఫోను ధర గురించే బాధపడ్డాం. సిమ్ సంగతి ఎవరికీ తట్టలేదు.

[దృశ్యం: సిమ్‌ను ఒక ఫోను నుంచి తీసి మరో ఫోనులో పెడుతున్న చేతులు]

తెర తాళం ఫోనును కాపాడుతుంది గాని సిమ్‌ను కాపాడదు. దొంగ ఆ సిమ్‌ను తీసి తన ఫోనులో పెట్టుకున్న క్షణం నుంచి మీ బ్యాంకు పంపే ఓటీపీలు అతనికే చేరుతాయి. దానికి కార్డు మీది అంకెలు, ఆధార్ సంఖ్య తోడైతే యూపీఐ పిన్ మార్చడానికి కావలసిన సరంజామా అంతా ఒకే చోట దొరికినట్టే. అందుకే కవరు అరలో కార్డు పెట్టే అలవాటును ఈ రోజే మానుకోమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగంలో ‘సిమ్ లాక్’ ఉంటుంది. దానికి పిన్ పెడితే, ఫోను ఆపి తిరిగి వేసినా, సిమ్‌ను వేరే ఫోనులో పెట్టినా ఆ పిన్ చెప్పనిదే సిమ్ పనిచేయదు. మొదటి పిన్ సిమ్ కంపెనీదే కాబట్టి దాన్ని ఊహించి కొట్టకుండా కంపెనీని అడిగి తెలుసుకోండి. మూడు సార్లు తప్పితే, ఆగిన సిమ్‌ను తిరిగి తెరిచే పీయూకే సంకేతం అడుగుతుంది. అదీ పది సార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

[దృశ్యం: తెర మీద *#06#]

ఇలా నొక్కితే మీ ఫోనును గుర్తుపట్టే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడుతుంది. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు సంఖ్యలుంటాయి. వాటిని కాగితం మీద రాసి కొన్న బిల్లుతో పాటు ఇంట్లో దాచండి. ఆ సంఖ్యను ఫోటో తీసి అదే ఫోనులో ఉంచుకుంటే ప్రయోజనం లేదు.

[దృశ్యం: ఒంగోలు స్టేషన్ నుంచి నెమ్మదిగా కదులుతున్న రైలు, కిటికీ పక్కన ఫోను మాట్లాడుతున్న ప్రయాణికుడు]

రైలు వేగం తగ్గినప్పుడు కిటికీలోంచి ఫోను లాక్కునేవారున్నారు. ఆండ్రాయిడ్ 10, ఆ పై ఫోన్లలో ‘థెఫ్ట్ డిటెక్షన్ లాక్’ అనే సదుపాయం ఉంది; చేతిలోంచి లాక్కుని పరుగెత్తిన కదలికను పసిగట్టి తెరను మూసేస్తుంది. ఐఫోనులో, పాస్‌కోడ్ తెలిసిన దొంగను కూడా ముఖ్యమైన సెట్టింగులు మార్చకుండా అడ్డుకునే ‘స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్’ను ఆన్ చేసి ఉంచండి. రైలులో పోతే 139కి ఫోను చేసి రైల్వే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి.

[దృశ్యం: ఇంట్లో మరొకరి ఫోను తీసుకుని ఆదుర్దాగా నంబరు నొక్కుతున్న మహిళ]

ఫోను పోయిందని తెలియగానే ముందు మరో ఫోనులో మీ గూగుల్ ఖాతా తెరిచి, ‘ఫైండ్ హబ్’ ద్వారా పోయిన ఫోనుకు తాళం వేయండి. సిమ్ ఆగిపోతే ఫోనుకు ఇంటర్నెట్ అందక ఈ ఆజ్ఞ చేరకపోవచ్చు, అందుకే దీన్ని ముందు చెబుతున్నాను. అయితే ఫోను జాడ కోసం మ్యాపు చూస్తూ గంటలు గడపవద్దు; రెండు మూడు నిమిషాల్లో ఆ పని ముగించి సిమ్‌ను ఆపించండి, ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి. 2017 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, ఖాతాదారు సమాచారం ఇచ్చిన తరువాత జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంకే భరించాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. మ్యాపులో చోటు కనబడినా ఒంటరిగా వెళ్లకండి, పోలీసులకు చూపండి. ఫోనులోని సమాచారాన్ని దూరం నుంచే చెరిపేసే వీలుంది గాని, చెరిపాక జాడ తెలియదు. కాబట్టి దాన్ని చివరి మార్గంగా ఉంచుకోండి.

[దృశ్యం: సంచార్ సాథీ వెబ్‌సైటు]

పోలీసు ఫిర్యాదు నకలు, ఐఎంఈఐ, బిల్లు, గుర్తింపు కార్డు, పోయిన నంబరుకే తీసుకున్న డూప్లికేట్ సిమ్ సిద్ధం చేసుకుని, టెలికం శాఖ 2023లో ప్రారంభించిన సంచార్ సాథీలో ఫోనును బ్లాక్ చేయమని కోరాలి. కొత్త సిమ్‌కు 24 గంటల దాకా ఎస్‌ఎంఎస్‌లు రావు గనుక ఓటీపీ రాలేదని కంగారుపడవద్దు. ఒకసారి బ్లాక్ అయితే ఆ ఫోను దేశంలో ఏ కంపెనీ సిమ్‌తోనూ పనిచేయదు; ఎవరైనా సిమ్ వేసి ప్రయత్నిస్తే ఆ జాడ పోలీసులకు అందుతుంది. ఈలోగా “మీ ఫోను దొరికింది, ఓటీపీ చెప్పండి” అంటూ వచ్చే పిలుపులను నమ్మకండి.

దరఖాస్తుకు ఇచ్చే రిక్వెస్ట్ ఐడీని ఐఎంఈఐ రాసిన కాగితం మీదే రాసుకోండి. పోలీసులు ఫోనును తిరిగి అప్పగించాక, అదే వెబ్‌సైటులో ఆ రిక్వెస్ట్ ఐడీ ఇచ్చి అన్‌బ్లాక్ చేయించుకోవాలి. అది జరిగేదాకా ఫోను మీ చేతిలో ఉన్నా నెట్‌వర్క్ రాదు.