తిన్నావేటి బావూ?

సభకు నమస్కారం. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మైకు కన్నా బీపీ మిషనే నాకు అలవాటు. తడబడితే ఏమనుకోకండి.

మన సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండమీద సవర. మామూలు రోజుల్లో అన్నీ కలిపేసి నెట్టుకొచ్చేస్తాం. మతి చెదిరిన రోజున మాత్రం నోటికి అమ్మ నేర్పిన మాటే వస్తుంది.

ఒక రాత్రి మా పక్కవీధి కుర్రాడు ఇటుక పట్టుకుని డాబా ఎక్కేశాడు. మూడు రాత్రులుగా వాడికి నిద్ర లేదు. పోలీసులు వచ్చి ఒడియాలో దిగమని గద్దిస్తున్నారు. వాడేమో "నన్ను చంపేస్తారు" అని తెలుగులో ఏడుస్తున్నాడు. కింద చుట్టాలు దయ్యమంటున్నారు, ఇద్దరు ముగ్గురు వీడియో తీస్తున్నారు. (వాళ్ల ఫోన్లు లాక్కోవాలనిపించింది, నిజం చెప్తున్నాను.)

నేను చేసింది పెద్దగా ఏం లేదు. లాఠీ, టోపీ కింద పెట్టమని కానిస్టేబుల్‌ని బతిమాలాను. టార్చి వాడి కళ్లలోకి కొట్టొద్దన్నాను. ఇద్దరం పైకెళ్లి ఆఖరి మెట్టు మీద కూర్చున్నాం. "తిన్నావేటి బావూ?" అన్నాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత "నీళ్లు" అన్నాడు. గ్లాసు అందుకోవాలంటే చెయ్యి ఖాళీ కావాలి కదా, ఇటుక పిట్టగోడ మీద పెట్టాడు. దాన్ని చప్పుడు కాకుండా పక్కకు తీసింది ఆ కానిస్టేబులే. నేనొక్కదాన్నే వెళ్లుంటే నా తల పగిలేదేమో. అతనొక్కడే వెళ్లుంటే కుర్రాడి కాలు విరిగేదేమో.

కెనడాలోని వ్యాంకూవర్‌లో ఒక పోలీసు, ఒక మానసిక వైద్య నర్సు కలిసి ఒకే కారులో ఇలాంటి కేసులకు వెళ్తారు. దాన్ని కార్ 87 అంటారు. ఇంగ్లండులోనూ ఇలాంటిదే ఉంది, పేరు స్ట్రీట్ ట్రయాజ్. మన వీధికి అలాంటి కారు వచ్చినట్టు నేనైతే చూడలేదు.

చట్టం మాత్రం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 100వ సెక్షన్. జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటల్లోపు దగ్గరి సర్కారు ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆ మనిషికి చెప్పాలి కూడా. చెప్పాలంటే ఏ భాషలో? సవరలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. మీకు నేను విడమరచాలా?

మనసు బాగోలేనప్పుడు సాయం చేసే సర్కారు ఫోన్ లైను టెలిమానస్, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఇంట్లో గోడ మీద రాసుకోండి. అయితే ఫోను డాబా ఎక్కదు. బరంపురమో వైజాగో ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు, ఆ మొదటి అరగంట మన చేతిలోనే ఉంటుంది.

అందుకే ఒక కాగితం తెచ్చాను. రాత్రి పిలిస్తే పోలీసులతో కలిసి వెళ్లే నర్సుల పేర్లు రాసి స్టేషనుకు ఇద్దామని. మొదటి నంబరు నాది. సవర వచ్చిన సిస్టర్లు ఎవరైనా ఉంటే ముందు మీరు రండి, పెన్ను ఇక్కడుంది.