పొడుగాటాయన మరిచిపోయిన భాష

శ్రోతలకు నమస్కారం.

ఆ యుద్ధంలో వాళ్లు ఓడకపోయి ఉంటే? ఆ కోట పడకపోయి ఉంటే? ఇలా చరిత్రను ఒక్కచోట మలుపు తిప్పి, తర్వాత ఏం జరిగేదో ఊహించడం చాలామందికి ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ నేను రాజ్యాల గురించి అంతగా ఊహించను. మాసిపోయిన జనాల గురించి ఊహిస్తాను. ఫలానా జనం ఈనాటికీ ఉండి, వాళ్ల మాట ఈనాటికీ సంతలో వినిపిస్తుంటే ఎలా ఉండేది? ఉన్న సమయం తక్కువ కాబట్టి, ఈ పూట ఒక్క జనం గురించే చెబుతాను. క్రిమియా గోత్‌లు.

గోత్‌ల పేరు చాలామంది వినే ఉంటారు. ఇంగ్లీషు, జర్మన్ భాషలకు చుట్టమైన మాట మాట్లాడిన పాతకాలపు జనం. 410లో రోమ్ నగరాన్ని కొల్లగొట్టినది వాళ్లే. ఇటలీని ఏలారు, స్పెయిన్‌ను ఏలారు. అంతటి విజేతల భాష ఏమైంది? స్పెయిన్‌లో వాళ్ల రాజ్యం 711లో కూలింది. అప్పటికే వాళ్ల ఇళ్లలో లాటిన్ నుంచి వచ్చిన మాటే నడుస్తోంది. రాజ్యం కంటే ముందే భాష పోయింది.

అదే సమయంలో, నల్లసముద్రం పక్కన క్రిమియా కొండల్లో మరో గోత్ జనం ఉంది. తమవాళ్లు ఇటలీ మీదికి దండెత్తి వెళ్తుంటే వీళ్లు వెంట వెళ్లలేదు. ఉన్నచోటే ఉండి దున్నుకున్నారు. వీళ్లు మంచి సైనికులనీ, మంచి రైతులనీ, అతిథులను ఆదరించేవాళ్లనీ 6వ శతాబ్దపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. రోమ్‌ను గెలిచినవాళ్ల భాష పోయింది. కదలకుండా చేను దున్నుకున్నవాళ్ల భాష మాత్రం ఇంకో వెయ్యేళ్లు బతికింది.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన కథ. 1560ల మొదట్లో, ఇస్తాంబుల్‌లో.

సులేమాన్ సుల్తాను కొలువులో ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశం తరఫున బుస్బెక్ అనే రాయబారి ఉండేవాడు. పుట్టింది ఫ్లాండర్స్‌లో, అంటే ఇప్పటి బెల్జియం వైపు. క్రిమియాలో తన మాతృభాషకు చుట్టమైన భాష మాట్లాడేవాళ్లు ఉన్నారని విన్నాడు. ఆ జనంలో ఎవరైనా నగరానికి వస్తే తనకు చెప్పమని దుబాసీలకు పురమాయించాడు. ఒకనాడు వాళ్లు ఇద్దరు మనుషులను భోజనానికి వెంటబెట్టుకొచ్చారు.

ఒకాయన పొడుగు. ముఖంలో ఏ దాపరికమూ లేదు. చూస్తే తన ఊరివాడేమో అన్నట్టున్నాడని రాయబారి రాసుకున్నాడు. ఈయన గోత్. రెండో ఆయన పొట్టి, గట్టి మనిషి, నల్లగా ఉంటాడు. ఈయన గ్రీకు.

రాయబారి మాటలు అడగడం మొదలుపెట్టాడు. మరి ఎవరు చెప్పారు? గ్రీకాయన! గోత్ ఆయన చుట్టూ గ్రీకుల మధ్యే పెరిగి, తన సొంత భాష మరిచిపోయాడు. ఆ గ్రీకాయన మాత్రం గోత్‌లతో ఇచ్చిపుచ్చుకోవడాల వల్ల వాళ్ల భాష నేర్చుకున్నాడు. నేను దీన్ని ఎన్నిసార్లు తలచుకున్నా, ఆ పొడుగాటాయన దగ్గరే ఆగిపోతాను. తన తాతల మాటలను పక్కవాడు ఒక్కొక్కటిగా చెబుతుంటే, ఆయన ఏమనుకుంటూ కూర్చున్నాడో!

ఆ పూట రాయబారి రాసుకున్నది ఎనభై మాటలు, కాస్త అటూ ఇటూగా. ఆ జనం మాట గురించి మనకున్న ఆధారం దాదాపు అంతే. ఇల్లు అంటే హూస్. చేయి అంటే హండా. ఉప్పు అంటే సాల్ట్. అన్న బ్రూడర్. ఇంగ్లీషు విన్న చెవికి ఇవి పరాయిగా తోచవు. మరి వెయ్యికి ఏమన్నారు? హజెర్. అవును, మనం ఎరిగిన హజారే. ఇరాన్ వైపు భాషల నుంచి ఎన్నడో వచ్చి, ఆ కొండల్లో స్థిరపడిన మాట. వలస వెళ్లేది మనుషులే కాదు, అంకెలు కూడా.

సరే, మన ఊహకు వద్దాం. ఈ గోత్‌లు బతికి ఉండాలంటే ఏం మారాలి?

చాలామంది చరిత్రను 1475 దగ్గర తిప్పుతారు. ఆ ఏడు కొండమీది మంగుప్ కోటను ఒట్టోమన్ సైన్యం ముట్టడించి పట్టుకుంది. ఈ గోత్‌లుండిన థియోడోరో అనే చిన్న రాజ్యం అక్కడితో ముగిసింది. కోట నిలిచి ఉంటే జాతి నిలిచేదని అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. కోట పడిన ఎనభై ఐదేళ్లకు పైగా గడిచాక కదా, ఆ గ్రీకాయన ఎనభై మాటలు చెప్పింది! కోట పడ్డాకా భాష బతికే ఉంది. అయితే దాన్ని చంపిందేమిటి? గుడిలో గ్రీకు, సంతలో టర్కీ తరహా మాట. ఇక ఇంట్లో ఏ మాట?

ఇంట్లో ఏ మాట? నేను మలుపు తిప్పేది అక్కడ. మంగుప్‌లో దొరికిన రాతి పలకల మీద గోత్ లిపిలో ప్రార్థనలు గీసి ఉన్నట్టు 2015లో పండితులు వెల్లడించారు. 9వ శతాబ్దం నాటి సంగతి. అంటే ఒకప్పుడు వాళ్లు తమ అక్షరాల్లోనే దేవుణ్ణి పిలిచారు. ఆ అలవాటు పోలేదనుకుందాం. గుడి పక్కన పిల్లలకు ఆ అక్షరాలు దిద్దించారనుకుందాం. యుద్ధాలన్నీ యథాతథంగా ఉంచండి. కోటను కూడా పడనివ్వండి. ఇది ఒక్కటే మార్చండి.

అప్పుడు 1778 వస్తుంది. ఆ ఏడు రష్యా సామ్రాజ్యం క్రిమియా క్రైస్తవులను అజోవ్ సముద్ర తీరానికి తరలించింది. దారిలో, చలిలో ఎందరో పోయారు. వాళ్లను నడిపించిన మతగురువు ఇగ్నాతియస్ బిరుదులో అప్పటికీ గోతియా అన్న పేరుంది. భాష పోయింది, బిరుదు మిగిలింది. మన ఊహలో ఆ జనంతో పాటు గోత్ మాట కూడా నడిచి వెళ్తుంది. ఆ తీరంలోని మరియుపోల్ ఊరి దగ్గర ఒక పల్లె కట్టుకుంటుంది. ఇది గాలిలో మేడ కాదు. నిజంగానే అక్కడికి చేరినవాళ్లలో గ్రీకు మాట్లాడేవాళ్లు, టర్కీ తరహా మాట మాట్లాడేవాళ్లు వేరువేరు పల్లెలు కట్టుకుని, ఎవరి మాట వాళ్లు నిలుపుకున్నారు. ఇలాంటిదే మరో ఉదాహరణ: 1865లో బ్రిటన్‌లోని వేల్స్ నుంచి దక్షిణ అమెరికాలోని పటగోనియాకు ఓడలో వెళ్లిన వెల్ష్ వాళ్లు నూట యాభై మందికి అటూ ఇటూ. ప్రార్థన మందిరాల్లోనూ, ఆదివారం బడుల్లోనూ తమ మాటే నడిపారు. అది ఈనాటికీ అక్కడ వినిపిస్తుంది.

మరి కొందరు గోత్‌లు కొండల్లోనే ఉండిపోతే? 1944లో సోవియట్ ప్రభుత్వం క్రిమియా తాతార్లను రైళ్లలో ఎక్కించి మధ్య ఆసియాకు పంపేసింది. తర్వాతి నెలలోనే గ్రీకులను, అర్మేనియన్లను, బల్గేరియన్లను కూడా. గోత్‌లను వదిలేసేదని నేను అనుకోను. అజోవ్ తీరం వాళ్లకూ సుఖం లేదు. 1937, 38లలో అక్కడి గ్రీకులను వేటాడి పట్టుకున్నారు. మనం ఇష్టపడ్డ జనమని ఊహలో వాళ్లను కష్టాలన్నిటి నుంచీ తప్పించకూడదు. అది వాళ్లకు అన్యాయం.

ఇలాంటి కథలు రాసే శ్రోతలు ఉంటే, ఒక్క సలహా. యుద్ధభూమి పటం పక్కన పెట్టండి. ముందు ఒక ఏడేళ్ల పిల్లను తీసుకోండి. పొద్దున అమ్మ ఏ మాటతో లేపింది? బడిలో ఏ మాట? ఉప్పు కొనేటప్పుడు ఏ మాట? పెళ్లయి ఏ ఊరు వెళ్తుంది, అక్కడ అత్త ఏ మాటలో పిలుస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబు రాయగలిగితే ఆ జాతి బతుకుతుంది. రాయలేకపోతే, ఎన్ని యుద్ధాలు గెలిపించినా బతకదు.

ఆ భోజనం నాడు రాయబారి ఎనభై మాటలతో పాటు ఒక పాట కూడా రాసుకున్నాడు. మూడే పాదాలు. దాని అర్థం మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అది గోత్ మాటేనా, కాదా అన్నది కూడా తేలలేదు. పొడుగాటాయన చిన్నప్పుడు ఆ పాట విని ఉండవచ్చు.

సెలవు.