చౌక టికెట్టులో ఏది తగ్గింది?

నమస్కారం. కిందటి నెలలో ఉదయగిరి పక్కన ఒక పల్లె నుంచి, మన వీడియోలు చూసే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల మేనత్త కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తూ మూడేళ్ల తర్వాత సెలవు మీద వస్తున్నది, చెన్నైలో దిగుతుంది. వాళ్లు చూసిన రెండు టికెట్ల మధ్య నాలుగు వేల రూపాయల తేడా ఉంది. ఆ ఇంటికి నాలుగు వేలంటే చిన్న మొత్తం కాదు. అయినా అతడు అడిగింది డబ్బు గురించి కాదు. “అన్నా, అహ్మదాబాద్ విమానం టీవీలో చూసిన కాడి నుంచి మా నాయనమ్మకు నిద్ర లేదు. తక్కువకు తెస్తా ఉన్నారంటే యాడో ఒక చోట తగ్గించే ఉంటారు గదా. ఏం తగ్గించారో మనకెట్టా తెలిసేది?” అన్నాడు. ఫోన్‌లో నేను చెప్పిన జవాబు సరిపోలేదని నాకే అనిపించింది. అందుకే ఈ రోజు ఆ ప్రశ్ననే తీరిగ్గా మీ ముందు పెడుతున్నాను.

ముందుగా అహ్మదాబాద్ మాట చెప్పాలి. 2025 జూన్ 12న కూలిపోయిన ఎయిర్ ఇండియా విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. నేల మీద చనిపోయినవారితో కలిపి 260 ప్రాణాలు పోయాయి. అది లండన్ వెళ్లే పెద్ద బోయింగ్ 787 విమానమే తప్ప చౌక సర్వీసు కాదు. నేల విడిచిన కొన్ని క్షణాలకే రెండు ఇంజన్లకూ ఇంధనం అందించే స్విచ్‌లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయే స్థితిలోకి మారాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఆ ఘోరాన్ని టికెట్టు ధరతో ముడిపెట్టడం న్యాయం కాదు. కానీ ఆ తమ్ముడు అడిగిన ప్రశ్న దానితో కొట్టుకుపోదు, ఎందుకంటే తక్కువ ధర వెనుక తగ్గింపు ఉంటుందన్న అతడి అనుమానం సరైనదే.

మన దేశంలో చౌక విమానాల కథ 2003లో కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్‌తో మొదలైంది. ఆ సంస్థ హైదరాబాద్ నుంచి విజయవాడకు సర్వీసు ప్రారంభించిన రోజున, మన నెల్లూరు జిల్లావారైన వెంకయ్యనాయుడు గారితో సహా పలువురు ప్రముఖులు ఎక్కిన విమానం ఇంజన్‌లో, గాలిలోకి లేవకముందే మంటలు కనిపించాయి. అందరూ క్షేమంగా దిగారు. ప్రారంభం రోజునే అంతటి అపశ్రుతి వినిపించినా జనం ఆ విమానాలను వదులుకోలేదు. రైలు ఏసీ బోగీకి పెట్టే డబ్బుతో విమానం ఎక్కవచ్చునన్న మాట వినడం వాళ్లకు అదే మొదటిసారి. ఆ తర్వాత 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్ల తరబడి వింటూ, ఇప్పటికీ చెన్నైకో రేణిగుంటకో గన్నవరానికో కారు కట్టించుకుని వెళ్లే మన నెల్లూరు, ఒంగోలు వాళ్లు కూడా ఈ ఇరవై ఏళ్లలో విమానానికి అలవాటు పడ్డారంటే అది ఈ చౌక సంస్థల పుణ్యమే. నేను వాటికి వ్యతిరేకిని కాను.

ఈ సంస్థలు చేసే పొదుపులో ఎక్కువ భాగం మన కళ్ల ముందే జరుగుతుంది. సీట్లు దగ్గర దగ్గరగా వేస్తారు, భోజనం పెట్టరు, పెట్టెకు విడిగా డబ్బు తీసుకుంటారు. ఒకే రకం విమానాలు కొంటారు కాబట్టి పైలట్లకు ఒకే శిక్షణ, మెకానిక్కులకు ఒకే రకం విడిభాగాలు సరిపోతాయి. దిగిన విమానాన్ని అరగంటలో మళ్లీ పైకి లేపుతారు, ఎందుకంటే నేల మీద నిలబడిన విమానం పైసా సంపాదించదు. వీటిలో ఏదీ ప్రాణానికి ముప్పు తెచ్చేది కాదు. పైగా రోజూ ఒకే రకం యంత్రాన్ని విప్పి బిగించే చెయ్యి పొరపాటు చేయడం తక్కువ. 1985లో మొదలైన ఐర్లాండు సంస్థ రయాన్ఎయిర్‌లో గానీ, మన ఇండిగోలో గానీ విమానం కూలి ప్రయాణికులు చనిపోయిన సంఘటన లేదు. తక్కువ ధర అంటేనే ప్రమాదం అనేవారికి ఈ రెండు పేర్లు చెబితే చాలు.

అయితే కళ్లకు కనిపించని పొదుపు ఇంకొకటి ఉంది, దాని గురించే నాకు ఎక్కువ బాధ. అమెరికాలో 1993లో మొదలైన వాల్యూజెట్ అనే చౌక సంస్థ రెండు మూడేళ్లలోనే విపరీతంగా పెరిగింది, తన విమానాల మరమ్మతు పనిని బయటి కాంట్రాక్టర్లకు అప్పగించింది. ఆ కాంట్రాక్టు సంస్థ షెడ్డులో పాత విమానాల నుంచి ఆక్సిజన్ డబ్బాలు తీశారు. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే నెత్తి మీద నుంచి ముసుగులు కిందికి వేలాడతాయి కదా, వాటికి ప్రాణవాయువు ఇచ్చే డబ్బాలివి. లోపల రసాయనం మండి ఆక్సిజన్ పుడుతుంది, ఆ సమయంలో డబ్బా బయటి భాగం రెండు వందల డిగ్రీలకు పైగా కాలుతుంది. అందువల్ల వాడని డబ్బాను తీసినప్పుడు దాని మీట పొరపాటున కదలకుండా చిన్న ప్లాస్టిక్ మూత తొడగాలి. ఆ రోజు షెడ్డులో ఆ మూతలు లేవు. పని మాత్రం త్వరగా ముగించాలి. మూతలు తొడిగినట్టు కాగితం మీద సంతకాలు పడ్డాయి, డబ్బాలు అయిదు అట్టపెట్టెల్లోకి వెళ్లాయి, పెట్టెల వెంట వెళ్లిన చీటీ మీద ఖాళీ డబ్బాలని రాశారు. 1996 మే 11న ఆ పెట్టెలను మయామీ నుంచి అట్లాంటా వెళ్లే విమానం సరుకు గదిలో పెట్టారు. బయలుదేరిన పది నిమిషాలకే ఆ విమానం మంటలతో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలింది. అందులో ఉన్న 110 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆ సరుకు గదిలో పొగను పసిగట్టే పరికరం గానీ మంటను ఆర్పే ఏర్పాటు గానీ లేవు. వాటిని తప్పనిసరి చేయాలన్న సూచన అంతకుముందే వచ్చినా, ఖర్చు చూసి అధికారులు అంగీకరించలేదు. దర్యాప్తు సంఘం కాంట్రాక్టరుతో పాటు, ఆ పనిని సరిగా పర్యవేక్షించని విమాన సంస్థనూ, నిబంధన పెట్టని ప్రభుత్వ విభాగాన్నీ తప్పుపట్టింది.

ఈ సంఘటనను ఇంత వివరంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మన ఇళ్లలో గల్ఫుకో అమెరికాకో పెట్టె సర్దేటప్పుడు దేవుడి సామానుతో పాటు కర్పూరం బిళ్లలు, అగ్గిపెట్టె, వంట సామానుతో పాటు ఎండు కొబ్బరి చిప్పలు పెట్టడం నేను కళ్లారా చూశాను. కర్పూరం తేలికగా అంటుకుంటుంది, నూనె నిండిన ఎండు కొబ్బరి లోలోపల వేడెక్కి తనంతట తాను రాజుకోగలదు. అందుకే సరుకు గదిలోకి వెళ్లే పెట్టెల్లో వాటిని నిషేధించారు. పవర్ బ్యాంకు కూడా ఆ పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. విమానాశ్రయంలో కొబ్బరి చిప్పలు తీసి పక్కన పెడితే అధికారుల మీద కోప్పడే పెద్దలకు ఆ అయిదు అట్టపెట్టెల సంగతి చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను.

ఇక నిద్ర సంగతి. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన, ఎయిర్ ఇండియా వారి చౌక సంస్థ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. ఎక్కినవారిలో ఎక్కువమంది మన కువైట్ మేనత్త వంటివాళ్లే, సెలవు మీద ఇంటికి వస్తున్న గల్ఫు కూలీలూ వాళ్ల కుటుంబాలూ. ఆ కెప్టెన్ ప్రయాణంలో గంటన్నరకు పైగా నిద్రపోయాడనీ, కాక్‌పిట్ రికార్డులో గురక వినిపించిందనీ, లేచాక ఆ మత్తు పూర్తిగా వదలకముందే విమానం దించడానికి పూనుకున్నాడనీ దర్యాప్తు తేల్చింది. దిగవద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ ఒకటికి మూడుసార్లు అన్నాడు. మనిషి శరీరం అన్నిటికన్నా బలహీనంగా ఉండేది రాత్రి రెండు గంటల నుంచి తెల్లవారి ఆరు గంటల లోపు. గల్ఫు నుంచి వచ్చే చౌక సర్వీసులు ఎన్నో ఆ వేళలోనే నడుస్తాయి, ఎందుకంటే ఆ గంటల్లో విమానాన్ని ఖాళీగా నిలబెట్టడం సంస్థకు ఇష్టం ఉండదు.

ఈ అలసటను అదుపు చేయడానికి, దేశంలో విమాన సంస్థల మీద పర్యవేక్షణ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించింది. పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48 గంటలు చేసింది, రాత్రి డ్యూటీలో విమానం దించే సంఖ్యను 6 నుంచి 2కు తగ్గించింది. విమాన సంస్థలు అభ్యంతరం చెప్పడంతో అమలు వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిన తర్వాత 2025 జూలైలో కొంత భాగం, నవంబరులో మిగతా భాగం అమల్లోకి వచ్చాయి. డిసెంబర్ మొదటి వారంలో ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబర్ 5న ఒక్క రోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. పెళ్లిళ్లకు పోవలసినవాళ్లు, పరీక్షలకు పోవలసినవాళ్లు విమానాశ్రయాల్లో నేల మీద పడుకున్నారు. చివరకు ప్రభుత్వం ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి కొన్ని వారాల సడలింపు ఇచ్చింది. ప్రయాణికుల కష్టం నిజమైనదే, నేను కాదనను. కానీ ఆ కష్టాన్ని తీర్చడానికి చేతికి అందిన వస్తువు పైలట్ నిద్రే కావడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతున్నది. సడలింపుకు బదులు టికెట్టు మీద కొన్ని వందలు ఎక్కువ అడిగి ఉంటే, మనలో చాలామంది సణుగుతూనే అయినా ఇచ్చి ఉండేవాళ్లం.

డబ్బు కొరత హ్యాంగరుకు, అంటే విమానాలు బాగుచేసే షెడ్డుకు, ఎలా చేరుతుందో చెప్పే ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. 2022లో వరుస సంఘటనల తర్వాత డీజీసీఏ స్పైస్‌జెట్‌కు నోటీసు ఇస్తూ, విడిభాగాలు అమ్మేవారికి సకాలంలో డబ్బు చెల్లించకపోవడం వల్ల విడిభాగాల కొరత వచ్చిందని రాసింది. ఆ జూలైలోనే సర్వీసులను ఎనిమిది వారాల పాటు సగానికి తగ్గించింది. ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. కొన్ని పరికరాలు పనిచేయకపోయినా విమానం ఎగరవచ్చునని నిబంధనలే అంగీకరిస్తాయి. ఏది చెడితే ఎన్ని రోజుల్లో బాగుచేయాలో ఒక జాబితా ఉంటుంది, కొన్నింటికి మూడు రోజులు, కొన్నింటికి పది రోజులు గడువు. ఒకదానికి బదులు పనిచేసే రెండో పరికరం ఉంటుంది కాబట్టి ఆ జాబితా తప్పు కాదు. కానీ విడిభాగం కొనడానికి డబ్బు లేని సంస్థ చేతిలో ఆ గడువే ఖర్చును వాయిదా వేసే పద్ధతిగా మారుతుంది. సీట్లో కూర్చున్న మనకు అది ఏ రూపంలోనూ కనిపించదు, ఎందుకంటే ధర తక్కువ పెట్టినా ఎక్కువ పెట్టినా టికెట్టు మీద అచ్చయ్యేది ఒకే రకం కాగితం.

కాబట్టి ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఏమిటంటే, టికెట్టు చూసి మనం తెలుసుకోలేం. మన తరఫున హ్యాంగరులోకి వెళ్లి చూడవలసినవాడు డీజీసీఏ అధికారి. ఆ సంస్థలో మంజూరైన పోస్టుల్లో సుమారు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం ఎత్తిచూపింది. విమానాల సంఖ్య ఏటా పెరుగుతుంటే వాటిని తనిఖీ చేసే కుర్చీలు ఖాళీగా ఉండటం కన్నా పెద్ద ప్రమాదం నాకు ఏ చౌక టికెట్టులోనూ కనిపించడం లేదు. మన ఎంపీలు నెల్లూరుకు విమానాశ్రయం కావాలని సభలో అడిగినప్పుడల్లా, ఆ కుర్చీల సంగతి కూడా అడగాలని నేను కోరుతున్నాను.

మరి నాయనమ్మకు ఏం చెప్పాలి? నేను ఆ తమ్ముడితో తక్కువ ధర టికెట్టే కొనమన్నాను. 2023లో ప్రపంచం మొత్తం మీద నమోదైన ప్రాణాంతక ప్రయాణ విమాన ప్రమాదం ఒక్కటేనని అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం లెక్క చెప్పింది. నేపాల్‌లోని పోఖరాలో జరిగిన ఆ ప్రమాదంలో 72 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది, అంటే 2022లో, మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. మేనత్త ప్రయాణంలో నాకు భయం కలిగించే భాగం కువైట్ నుంచి చెన్నై వరకు కాదు, చెన్నై నుంచి నెల్లూరు వరకు ఉన్న 175 కిలోమీటర్ల హైవే.

ఆ భయం నాకు ఊరికే కలగలేదు. కొన్నేళ్ల కిందట మా చిన్నాయనను తీసుకురావడానికి నేను తక్కువ బాడుగకు కారు మాట్లాడుకున్నాను. తెల్లవారి నాలుగు గంటలకు చెన్నై నుంచి బయలుదేరాం. తడ దాటాక కారు రెండుసార్లు తెల్లగీత మీదికి జరిగింది. అద్దంలో చూస్తే డ్రైవరు కళ్లు మూతలు పడుతున్నాయి. సూళ్లూరుపేట దగ్గర ఆపించి టీ తాగుతూ అడిగితే, ముందు రోజు పొద్దున తిరుపతి బాడుగకు పోయి వచ్చి, ఇంటికి కూడా పోకుండా మా కోసం బండి ఎక్కానని చెప్పాడు. పాతికేళ్లు కూడా లేని పిల్లవాడు. ఎన్ని గంటలు పడుకున్నావని అతడిని అడిగే అధికారి ఎవరూ లేరు. నేను తగ్గించి మాట్లాడుకున్న బాడుగ అతడి నిద్రలో నుంచే వచ్చిందని ఆ టీ కొట్టు దగ్గర నిలబడినప్పుడు అర్థమైంది.

అందుకే ఆ నాలుగు వేలలో రెండు వేలు డ్రైవరుకు ఇమ్మని, ముందు రోజు వేరే బాడుగ ఒప్పుకోకుండా ఇంటి దగ్గర పడుకుని రమ్మని చెప్పమని తమ్ముడికి చెప్పాను. అతడు అలాగే చేశాడు. విమానం తెల్లవారుజామున దిగినా వాళ్లు వెంటనే బయలుదేరలేదు, వెలుగు వచ్చేదాకా విమానాశ్రయంలోనే కూర్చున్నారు. పొద్దున పది దాటాక నెల్లూరు మినీ బైపాస్ దగ్గర ఆగి టిఫిన్ చేస్తూ నాకు ఫోన్ చేశారు. వెనుక నుంచి మేనత్త గొంతు వినిపించింది, నాయనమ్మకు ఫోన్ కలపమని అడుగుతున్నది.