కుండీ అడుగున రాళ్ళు దేనికండీ?

నమస్తే అండీ. ఈ రోజు రంగురంగుల పూలకుండీ ఒకటి నాటుదాం. నాటే ముందు ఒక పంచాయితీ తేల్చుకోవాలి. కుండీల గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే: "అడుగున 2 అంగుళాలు గులకరాళ్ళు వేయండి, నీళ్ళు బాగా దిగిపోతాయి." దిగవండీ! పైగా ఆ తడి వేళ్ళకు ఇంకా దగ్గరగా వచ్చి కూర్చుంటుంది.

[స్పాంజి చేతిలోకి తీసుకుని]

ఇది గిన్నెలు తోమే స్పాంజి. నీళ్ళలో బాగా నానింది. అడ్డంగా పడుకోబెట్టి పట్టుకున్నాను. కారుతోంది... కారుతోంది... ఆగింది. నీళ్ళు అయిపోయాయనుకుంటాం కదా? ఇప్పుడు నిలువుగా తిప్పుతున్నా. చూశారా, కింది అంచు నుంచి మళ్ళీ మొదలైంది! నేను పిండలేదు, కనీసం నొక్కలేదు. కాసేపటికి ఇదీ ఆగుతుంది. అప్పుడు వేలితో తాకి చూడండి. పైన చెమ్మే, కింది అంచు మాత్రం ముద్దముద్దగా ఉంటుంది.

కుండీలో మట్టీ ఇంతే. రేణువుల మధ్య సన్నటి ఖాళీలు నీళ్ళను పట్టుకుని వదలవు. కాబట్టి రంధ్రం ఎంత పెద్దదైనా అడుగున కొంత మందం ముద్దగానే ఉంటుంది. మరి రాళ్ళు వేస్తే?

[గులకరాళ్ళ మీద స్పాంజిని నిలబెట్టి]

కింద బోలెడంత ఖాళీ ఉంది. అయినా ఆ ముద్ద అంచు రాళ్ళలోకి దిగట్లేదు. సన్న ఖాళీలు వదిలితేగా! 12 అంగుళాల కుండీలో 2 అంగుళాలు రాళ్ళకిస్తే వేళ్ళకు మిగిలేది 10. అందులో అడుగు భాగం మళ్ళీ ముద్దే. రాళ్ళు కొని మరీ కుండీని పొట్టిది చేసుకోవడం నాకైతే అర్థం కాదు. మట్టి జారిపోతుందని భయమైతే రంధ్రం మీద దోమతెర ముక్క పరవండి, చాలు.

ఈ లెక్కన లోతు తక్కువున్న వెడల్పు తొట్టి అంటే పడుకోబెట్టిన స్పాంజి. ముద్ద పొరకీ వేళ్ళకీ మధ్య దూరమే ఉండదు. కాబట్టి అందులో పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) గానీ ముతక ఇసుక గానీ ఎక్కువ కలపాలి. పెరటి మట్టి ఒక్కటే నింపారనుకోండి, అది మరీ సన్న రంధ్రాల స్పాంజి, పైగా రోజురోజుకీ గట్టిపడుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), పెర్లైట్ కలిపి వాడండి. కోకోపీట్ ఒక్కటే వేస్తే మొక్కకు తిండి ఉండదు.

ఇప్పుడు రంగులు. ఒకే కుండీ అంటే ఒకే స్పాంజి, అందరికీ అదే తడి. కాబట్టి రంగు కంటే ముందు దాహం, ఎండ కలవాలి. నాచు పూలకు మండే ఎండ, పొడి మట్టి కావాలి. ఎండ లేకపోతే పువ్వు సరిగ్గా విచ్చుకోదు. రంగు ఆకుల మొక్క కోలియస్‌కు చెమ్మ ఉండాలి, నీరెండ చాలు. ఫొటోలో ఈ రెండూ పక్కపక్కన అద్భుతంగా ఉంటాయి. కుండీలో ఏదో ఒకటి పోతుంది.

ఎండ పడే చోటుకి నా ఎంపిక: మధ్యలో పొడవు రకం పసుపు జీనియా, చుట్టూ పొట్టి బంతి, అంచు నుంచి జారేలా ఊదా పెటూనియా. పసుపు పక్కన ఊదా పెడితే రెండూ మెరుస్తాయి. ఊదా ఒక్కటే పెడితే దూరం నుంచి కనిపించను కూడా కనిపించదు. ఐదారు రంగులు ఒకే కుండీలో కుక్కడం నాకు నచ్చదు, ఏదీ కంటికి ఆనదు. నీడ చోటైతే పువ్వుల ఊసే వద్దు. మెరూన్ కోలియస్, నిమ్మపచ్చ కోలియస్, అంచున మనీ ప్లాంట్ పెట్టండి. రంగు ఆకుల్లోనే ఉంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. పై అంచుకు ఒక అంగుళం కింద వరకే మట్టి నింపండి, నీళ్ళు పొర్లవు. నారు ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో నాటండి. వేలు దింపి చూశాకే నీళ్ళు పోయండి. కింద పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయండి. నీళ్ళతో పాటు పోషకాలూ కొట్టుకుపోతాయి కాబట్టి ద్రవ ఎరువు పల్చగా కలిపి అప్పుడప్పుడూ ఇవ్వండి. వాడిన పూలు తుంచేయండి, లేకపోతే మొక్క విత్తనాల పనిలో పడి మొగ్గలు తగ్గిస్తుంది. పెటూనియాకైతే వాడిన రేకులు లాగేస్తే సరిపోదు, వెనకున్న పచ్చటి బుడిపెతో సహా గిల్లేయాలి.